కదిలే వాహనంపై అంతరిక్ష నిఘా: ఏ మార్గం దేనికి పనికివస్తుంది?

శ్రీకాకుళం జిల్లాలోని ఎన్నో ఊళ్ల నుంచి తరతరాలుగా యువకులు సైన్యంలో చేరుతున్నారు. విజయనగరం పక్కనున్న కోరుకొండ సైనిక పాఠశాల ఆరు దశాబ్దాలకు పైగా సాయుధ దళాలకు అధికారులను అందిస్తూ ఉంది. అందువల్ల 52 నిఘా ఉపగ్రహాలతో కూడిన మూడో దశ అంతరిక్ష నిఘా పథకాన్ని 2024 అక్టోబరులో కేంద్రం ఆమోదించిందన్న వార్త ఇక్కడివారికి ఎక్కడో ఢిల్లీ సంగతిగా అనిపించలేదు. దాదాపు 27 వేల కోట్ల రూపాయల ఈ పథకంలో 21 ఉపగ్రహాలను ఇస్రో, 31 ఉపగ్రహాలను ప్రైవేటు సంస్థలు తయారు చేయాలన్నది పత్రికల్లో వచ్చిన వివరం. ఇంజనీరింగ్ చదివే పిల్లలకైనా, సరిహద్దులో బిడ్డను ఉంచుకున్న తల్లిదండ్రులకైనా కలిగే ప్రశ్న ఒకటే: కొండకు అవతల శత్రువు వాహనాలు కదులుతుంటే ఉపగ్రహం పట్టుకోగలదా? ఏ ఉపగ్రహం, ఏ కక్ష్యలో, ఎలాంటి పరికరంతో అన్నదాన్ని బట్టి జవాబు పూర్తిగా మారిపోతుంది. అందుబాటులో ఉన్న మార్గాలను పక్కపక్కన పెట్టి, దేనికి ముందుగా డబ్బు పెట్టాలో, దేనికి పెట్టకూడదో చెప్పడమే ఇక్కడి ప్రయత్నం.

ముందుగా ఒక తేడాను గట్టిగా పట్టుకోవాలి. ఆగి ఉన్న ట్యాంకును ఫొటోలో చూడటం వేరు, కదులుతున్న ట్యాంకును వెంబడించడం వేరు. మొదటిదానికి చిత్రం ఎంత స్పష్టంగా ఉందన్నది ముఖ్యం. రెండోదానికి అంతకంటే ముఖ్యమైనవి మూడున్నాయి: ఎంత నెమ్మదిగా కదిలే వాహనాన్ని గుర్తించగలం, ఒక చూపుకూ మరో చూపుకూ మధ్య ఎంత ఎడం వస్తుంది, చూసిన సంగతి క్షేత్రంలో ఉన్న దళానికి ఎన్ని నిమిషాల్లో చేరుతుంది. ఉపగ్రహాల గురించి వచ్చే ప్రకటనల్లో మాత్రం ఎక్కువగా కనిపించేది చిత్రం స్పష్టత ఒక్కటే, కాబట్టి చదివేవారు మిగిలిన మూడింటి గురించి తామే అడిగి తెలుసుకోవాలి.

ఎడం ఎంత నష్టం చేస్తుందో మన దారుల్లోనే చూడవచ్చు. రణస్థలం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద శ్రీకాకుళం వైపు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న లారీని ఒక ఉపగ్రహం చూసిందనుకుందాం. తర్వాతి చూపు నలభై నిమిషాలకు దొరికితే ఆ లారీ నలభై కిలోమీటర్లు ప్రయాణించి ఉంటుంది. అయితే చిలకపాలెం కూడలిలో అది ఎడమకు తిరిగి రాజాం దారి పట్టిందా, నేరుగా శ్రీకాకుళం దాటిపోయిందా, లేక దారిలో ఏదో ధాబా వెనుక ఆగిందా అన్నది ఆ రెండో చూపు చెప్పలేదు. రహదారి మీద లారీలు వందల్లో ఉంటాయి. మొదట చూసినదీ ఇప్పుడు చూస్తున్నదీ ఒకటే అని చెప్పడానికి ఆధారం ఉండదు. ఎడం ఐదు నిమిషాలైతే అది ఐదు కిలోమీటర్ల లోపే, మధ్యలో ఒకటో రెండో మలుపులకు లోబడే ఉంటుంది కాబట్టి లెక్క కలుస్తుంది. వెంబడించడం అనే మాటకు అర్థం ఉండాలంటే ఎడం గంటల నుంచి నిమిషాలకు దిగి తీరాలి.

కెమెరా ఉపగ్రహాలు

2019 నవంబరులో ప్రయోగించిన కార్టోశాట్-3 నేల మీద పావు మీటరు వివరాన్ని చూపగలదు. వాహనం ఏ రకానిదో, దాని మీద ఏముందో చెప్పడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. కానీ కెమెరాకు వెలుతురు కావాలి, మబ్బు ఉండకూడదు. జూన్ నుంచి అక్టోబరు వరకు ఉత్తరాంధ్ర ఆకాశాన్ని ఎరిగినవారికి దీని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను వేళ కెమెరా ఉపగ్రహం ఎంత గొప్పదైనా మేఘాల పైభాగాన్నే చూపగలదు. శత్రువు కూడా కదలడానికి రాత్రినీ మబ్బునూ ఎంచుకుంటాడు.

కదలికను కెమెరా అసలు పట్టుకోలేదని మాత్రం అనలేం. యూరప్ వారి సెంటినెల్-2 ఉపగ్రహం నీలం, ఎరుపు పట్టీలను ఒకేసారి కాక దాదాపు ఒక సెకను తేడాతో చిత్రిస్తుంది. అందువల్ల వేగంగా పోతున్న పెద్ద లారీ ఆ చిత్రంలో విడిపోయిన రంగుల చారలా కనిపిస్తుంది, దాన్నుంచి దిశనూ వేగాన్నీ లెక్కకట్టవచ్చు. కొన్ని వాణిజ్య ఉపగ్రహాలు ఒకే చోటును నిమిషం, నిమిషంన్నర పాటు వీడియో తీయగలవు. ఇవి గుర్తింపుకు పనికివచ్చే సాయాలే గాని, వెంబడించే వ్యవస్థకు వెన్నెముక కాలేవు.

రాడార్ ఉపగ్రహాలు: అసలు ప్రశ్న ఇక్కడే

రాడార్ తన తరంగాన్ని తానే పంపి ప్రతిధ్వనిని వింటుంది కాబట్టి చీకటి, మబ్బు దానికి అడ్డు కావు. భారత్‌కు ఈ రంగంలో అనుభవం ఉంది: 2009 ఏప్రిల్‌లో రీశాట్-2, 2012లో రీశాట్-1, 2019లో రీశాట్-2బి, ఆ తర్వాత మరికొన్ని కక్ష్యలోకి వెళ్లాయి. ఇవి సింథటిక్ అపర్చర్ రాడార్లు. అంటే ఉపగ్రహం ముందుకు సాగుతున్న కొద్దీ వచ్చిన ప్రతిధ్వనులను కలిపి, చాలా పొడవైన యాంటెన్నాతో చూసినంత స్పష్టమైన చిత్రాన్ని తయారు చేస్తాయి. ఈ లెక్క అంతా నేల కదలడం లేదన్న నమ్మకం మీద నడుస్తుంది. వాహనం కదిలితే లెక్క తప్పుతుంది, చిత్రంలో వాహనం తన చోట కాక వేరే చోట పడుతుంది.

ఎంత దూరం తప్పుతుందో మన రహదారి మీదే చూద్దాం. ఈ ప్రాంతంలో జాతీయ రహదారి సుమారుగా నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. 500 కిలోమీటర్ల ఎత్తులో దక్షిణోత్తరంగా పోతున్న ఉపగ్రహం పక్కకు, లంబం నుంచి 40 డిగ్రీల వాలుగా చూస్తోందనుకుంటే, లారీకీ దానికీ మధ్య దూరం దాదాపు 630 కిలోమీటర్లు. లారీ గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్లు పోతున్నా, అందులో రాడార్ వైపుగానో దానికి దూరంగానో జరిగే భాగం సెకనుకు 9 మీటర్లే. ఉపగ్రహం మాత్రం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఈ లెక్కలన్నీ కలిపితే లారీ చిత్రంలో రోడ్డు మీద కాక ముప్పావు కిలోమీటరు అవతల, ఏ వరిచేలోనో చెరువులోనో కనిపిస్తుంది. పట్టాల మీద పోయే రైలు పొలాల్లో నడుస్తున్నట్టు కనిపించడం రాడార్ చిత్రాలు చదివేవారికి పరిచయమైన వింత. ఈ తప్పులోనే ఒక మేలు కూడా ఉంది: వాహనం ఏ రోడ్డుదో తెలిస్తే, అది ఎంత పక్కకు జరిగిందన్నదాన్ని బట్టి దాని వేగం చెప్పవచ్చు.

అయితే అంతకు ముందు వాహనం కనబడాలి గదా. కష్టమంతా అక్కడుంది. పరుగెత్తే పలాస ప్యాసింజరు కిటికీలోంచి చూస్తే చెట్లు, గట్లు, స్తంభాలు అన్నీ వెనక్కు పరుగెడుతున్నట్టే ఉంటాయి. వాటి నడుమ మెల్లగా నడుస్తున్న ఎద్దు నిజంగా కదులుతోందని గుర్తించడం కష్టం. ఉపగ్రహం పరిస్థితీ అంతే. నేల నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వనుల్లో, ఉపగ్రహం వేగం కారణంగానే, రకరకాల డాప్లర్ మార్పులు, అంటే దగ్గరయ్యే, దూరమయ్యే వేగాన్ని బట్టి తరంగంలో వచ్చే తేడాలు ఉంటాయి. మూడు సెంటీమీటర్ల తరంగంతో పనిచేసే ఐదు మీటర్ల యాంటెన్నా ఉన్న ఉపగ్రహానికి ఈ నేల రొద సెకనుకు 23 మీటర్ల వేగం వరకు, అంటే గంటకు 80 కిలోమీటర్లు దాటేవరకు పరచుకుని ఉంటుంది. మన లారీ చూపించే 9 మీటర్ల వేగం ఆ రొదలో మునిగిపోతుంది. అదే ఏడు మీటర్ల యాంటెన్నాతో సెకనుకు 200 మీటర్ల వేగంతో ఎగిరే విమానానికి నేల రొద సెకనుకు అర మీటరు లోపే ఆగిపోతుంది. విమానం నుంచి సులువైన పని ఉపగ్రహం నుంచి ఇంత దుర్లభం కావడానికి కారణం ఎత్తు ఒక్కటే కాదు, ఉపగ్రహం సొంత వేగం కూడా.

దీనికి విరుగుడు యాంటెన్నాను భాగాలుగా విడదీసి, ఒక్కో భాగానికి విడిగా రిసీవర్ పెట్టడం. ముందు భాగం చూసిన చోటనే ఒక్క క్షణం తర్వాత వెనుక భాగం చూస్తుంది. ఒకదాని నుంచి మరొకదాన్ని తీసివేస్తే కదలనిదంతా చెరిగిపోయి కదిలింది మిగులుతుంది. 2007 డిసెంబరులో కెనడా ప్రయోగించిన రాడార్‌శాట్-2 తన 15 మీటర్ల యాంటెన్నాను రెండు సగాలుగా వాడి దీన్ని అంతరిక్షం నుంచి చేసి చూపింది. అదే ఏడాది వెళ్లిన జర్మనీ టెర్రాశార్-ఎక్స్ కూడా ఇలాంటి ప్రయోగాలు చేసింది. ఇక్కడ కొనుగోలుదారు తప్పక అడగవలసిన ప్రశ్న రిసీవర్ల సంఖ్య. రెండు ఉంటే నేల రొదను చెరపవచ్చు గాని, ఆ తర్వాత వాహనం సరిగ్గా ఏ దిక్కున ఉందో కొలవడానికి ఏమీ మిగలదు. మూడు, అంతకు మించి ఉంటేనే చెరపడం, కొలవడం రెండూ ఒకేసారి సాధ్యమవుతాయి. పాతికేళ్ల తర్వాత కూడా ఉపయోగపడాలనుకునే వ్యవస్థలో రెండు రిసీవర్లతో సరిపెట్టుకోవడం తప్పుడు పొదుపు అని నా నిశ్చితాభిప్రాయం.

మూడు రిసీవర్లు ఉన్నా కొన్ని పరిమితులు పోవు. రాడార్ చూపుకు సరిగ్గా అడ్డంగా పోయే వాహనానికి దాని వైపు వేగం సున్నా కాబట్టి అది కదలనట్టే లెక్క. ఆగిన వాహనం అంతే. పొట్టి తరంగం ఆకులను దాటి లోపలికి పోలేదు. ఉద్దానం కొబ్బరి, జీడి తోటల కింద ఉన్న బండిని మూడు సెంటీమీటర్ల రాడార్ చూడలేదు. 24 సెంటీమీటర్ల ఎల్-బ్యాండ్ తరంగం కొంత లోపలికి వెళ్తుంది గాని, దానికి యాంటెన్నా పెద్దది కావాలి, చిన్న వాహనం మీద అది అంత బాగా పనిచేయదు.

కక్ష్య వాలు మాట

దిగువ కక్ష్యలో ఉపగ్రహం గంటన్నరకు పైచిలుకు ఒక ప్రదక్షిణ చేస్తుంది, ఒక చోటు దానికి కొద్ది నిమిషాలే కనిపిస్తుంది. ధ్రువాల మీదుగా పోయే కక్ష్య ప్రపంచమంతటికీ న్యాయం చేస్తుంది గాని మనకు కావలసిన చోటుకు తక్కువసార్లు వస్తుంది. రీశాట్-2ను భూమధ్యరేఖకు 41 డిగ్రీల వాలులో, రీశాట్-2బిని 37 డిగ్రీల వాలులో పెట్టడం వెనుక ఆలోచన ఇదే: 37 డిగ్రీల కక్ష్య తన ఉత్తరపు అంచు దగ్గర, అంటే కశ్మీర్, లద్దాఖ్ అక్షాంశాల చుట్టుపక్కల, వరుస ప్రదక్షిణల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. దీనిలో ఒక లోపం కూడా ఉంది. ఆ రాకలన్నీ ఒకేచోట గుంపుగా వచ్చి, మిగిలిన రోజంతా ఖాళీగా ఉంటుంది. కాబట్టి ఉపగ్రహాలను ఒకే కక్ష్యాతలంలో కాక చాలా తలాల్లో పంచాలి. ఇంకో చిక్కు కూడా అంతగా చర్చకు రాదు. అంటార్కిటికాలోని భారతి స్థావరంలో ఉన్న మన గ్రౌండ్ స్టేషన్ ధ్రువ కక్ష్య ఉపగ్రహాల నుంచి చాలా ప్రదక్షిణల్లో సమాచారాన్ని దించుకోగలదు, 37 డిగ్రీల కక్ష్యలో ఉన్నది మాత్రం దానికి ఎన్నడూ కనిపించదు. అది హైదరాబాద్ దగ్గరి షాద్‌నగర్ గ్రౌండ్ స్టేషన్ మీదుగా పోయేంతవరకు ఆగాలి, లేదా భూస్థిర కక్ష్యలో, అంటే భూమితో పాటే తిరుగుతూ ఒకే చోటు పైన నిలిచినట్టుండే కక్ష్యలో, సమాచారాన్ని అందుకుని నేలకు చేరవేసే డేటా రిలే ఉపగ్రహం ద్వారా పంపాలి. కక్ష్యను ఎంచుకున్నరోజే రిలేకు కూడా డబ్బు కేటాయించాలన్నమాట.

భూస్థిర కక్ష్య: ఆకర్షణ, అసాధ్యత

ఒకే ఉపగ్రహం ఒకే చోటును రాత్రింబవళ్లు చూస్తూ ఉండాలన్న కోరిక సహజమైనది. 2015లో చైనా పంపిన గావ్‌ఫెన్-4 భూస్థిర కక్ష్య నుంచి 50 మీటర్ల వివరంతో చూస్తుంది. సముద్రంలో పెద్ద ఓడకు అది చాలు, లారీకి చాలదు. ఆ ఎత్తు నుంచి ఒక మీటరు వివరం కావాలంటే 24 మీటర్ల వెడల్పున్న అద్దం కావాలి. అంతరిక్షంలోని వెబ్ టెలిస్కోపు అద్దమే ఆరున్నర మీటర్లు. రాడార్‌కైతే మరీ కష్టం: ప్రతిధ్వని బలం దూరం నాలుగో ఘాతంతో తగ్గుతుంది, 500 కిలోమీటర్లకు బదులు 36 వేల కిలోమీటర్ల నుంచి చూస్తే అది రెండున్నర కోట్ల వంతులకు మించి క్షీణిస్తుంది. పైగా అక్కడి నుంచి చిత్రం కూర్చడానికి నిమిషాలు పడుతుంది, ఆలోగా లారీ కిలోమీటర్లు పోయి చిత్రంలో మసకై కరిగిపోతుంది. 2023 ఆగస్టులో చైనా ఈ ఎత్తుకు రాడార్ ఉపగ్రహాన్ని పంపినా, నేల కుంగిపోవడం, వరదలు వంటి నెమ్మది మార్పులకే అది తగినది. కదిలే వాహనాల కోసం భూస్థిర కక్ష్యలో డబ్బు పెట్టవద్దు. ఓడల కోసం, తుపానుల కోసం పెట్టవచ్చు.

మధ్యస్థ కక్ష్య రెంటికీ నడుమ ఉంటుంది. ఉపగ్రహాల సంఖ్య తగ్గుతుంది, ఒక్కోదాని బరువు, విద్యుత్తు, ధర పెరుగుతాయి. యాంటెన్నా, విద్యుత్తు విషయాల్లో బాగా ముందున్న దేశానికి అది రెండో అడుగు కావచ్చు, మొదటి అడుగు కాదు.

రేడియో సంకేతాలను వినే ఉపగ్రహాలది వేరే దారి. 2019 ఏప్రిల్ 1న వెళ్లిన ఎమిశాట్ ఈ కోవలోనిది. గగనతల రక్షణ దళం కదులుతూ తన రాడార్‌ను వెలిగిస్తే ఇవి వెంటనే పట్టుకుంటాయి, నోరు మూసుకుని పోతున్న లారీల వరుసను పట్టుకోలేవు. ఏ వైపు తొలి చూపు సారించాలో చెప్పడానికి ఇవి ఎంతో ఉపయోగం, కాబట్టి చిన్న మొత్తంతో వీటిని తప్పక చేర్చుకోవాలి.

విమానంతో పోలిక

1991 గల్ఫ్ యుద్ధంలో ఇంకా పరీక్షల్లో ఉన్న, నేల మీది కదలికను రాడార్‌తో చూసే రెండు ఈ-8 విమానాలను అమెరికా తీసుకుపోయి, ఇరాక్ దళాల కదలికలను రాత్రంతా చూసింది. కదిలే వాహనాల నిఘాకు ఇప్పటికీ అదే కొలబద్ద. ఆ విమానాలు 2023లో విరమణ పొందాయి. పెద్దవి, నెమ్మదివి, దూరం కొట్టే క్షిపణులకు సులువుగా దొరుకుతాయి అన్నదే ప్రధాన కారణం. వాటి పనిలో కొంతభాగాన్ని అమెరికా అంతరిక్ష దళం ఇప్పుడు ఉపగ్రహాలకు అప్పగిస్తోంది. ఆ దారి వారికీ నల్లేరు మీద నడక కాలేదు: 24 రాడార్ ఉపగ్రహాల డిస్కవరర్-2 పథకం 2000లో, ఆ తర్వాత వచ్చిన స్పేస్ రాడార్ పథకం 2008లో రద్దయ్యాయి. ఖర్చు భారమే రెండింటినీ కుంగదీసింది.

విమానానికి ఉన్న మరో పరిమితి కొండలు. పది కిలోమీటర్ల ఎత్తులో, సరిహద్దుకు ఇవతలే ఎగిరే విమానం చూపు చాలా వాలుగా పడుతుంది. సాలూరు ఘాట్ వంటి చోట ఒక వంపు దాటగానే బండి కొండ చాటుకు పోతుంది. ఉపగ్రహం అంతకంటే నిటారుగా చూస్తుంది, సరిహద్దు దానికి అడ్డు కాదు. మరోవైపు, ఒకే బండిని గంటల తరబడి వదలకుండా పట్టుకోవడం విమానానికి, డ్రోన్‌కు మాత్రమే చేతనవుతుంది. 2024 అక్టోబరులో భారత్ ఒప్పందం చేసుకున్న 31 ఎంక్యూ-9బి డ్రోన్లు 30 గంటలకు పైగా గాలిలో ఉండగలవు. శత్రువు క్షిపణి అందని చోట అవి, అందే చోట ఉపగ్రహాలు అన్నది నాకు సబబుగా కనిపించే పని విభజన.

ఎంపిక

మన వంటి దేశానికి నా సలహా ఇది. బాగా ఖరీదైన, కొద్దిపాటి ఉపగ్రహాల కంటే మధ్యరకం రాడార్ ఉపగ్రహాలు ఎక్కువ సంఖ్యలో, దిగువ కక్ష్యలో, చాలా తలాల్లో ఉండాలి. 2021 ఆగస్టులో భూపరిశీలన ఉపగ్రహం ఈఓఎస్-03, 2025 మే 18న రాడార్ ఉపగ్రహం ఈఓఎస్-09 ప్రయోగాల్లో కోల్పోయాం. సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు ఒక్క వైఫల్యం సంవత్సరాల చూపును తీసుకుపోతుంది. చిత్రం స్పష్టత అర మీటరు నుంచి ఒక మీటరుకు తగ్గినా పరవాలేదు, రిసీవర్లు మూడుకు తగ్గకూడదు, ఎడం నిమిషాల్లోకి రావాలి. వాహనం రకం తేల్చుకోవడానికి కొన్ని కెమెరా ఉపగ్రహాలు, తొలి హెచ్చరికకు కొన్ని రేడియో ఉపగ్రహాలు చాలు.

సమాచారం పంపే పద్ధతిలోనూ ఎంపిక ఉంది. ముడి రాడార్ డేటాను నేలకు దించి అక్కడ లెక్క కట్టడం సులువు, కానీ అరగంట ఆలస్యమైతే లారీ 30 కిలోమీటర్లు దాటిపోతుంది. ఉపగ్రహంలోనే లెక్క కట్టి, ప్రతి కదలికనూ చోటు, వేగం, సమయం ఉన్న ఒక చుక్కగా మార్చి పంపితే ఆ సందేశం చాలా చిన్నదవుతుంది, రిలే ద్వారా క్షణాల్లో చేరుతుంది. నాటో దేశాలు ఇలాంటి చుక్కల మార్పిడికి 4607 అనే ప్రమాణాన్ని ఎప్పుడో ఏర్పరచుకున్నాయి. 21 ఉపగ్రహాలు ఒకరివి, 31 ఇతరులవి అయినప్పుడు అందరి చుక్కలూ ఒకే తెర మీద కలవాలంటే మనకూ మొదటి రోజు నుంచే అలాంటి ఉమ్మడి రూపం ఉండాలి.

ఏ సంస్థ ఉపగ్రహాన్ని తీసుకున్నా, కాగితం మీది అంకెలతో ఒప్పుకోకుండా పరీక్ష పెట్టాలి. జీపీఎస్ పెట్టిన లారీలను జాతీయ రహదారి మీద, చిలకపాలెం నుంచి రాజాం వెళ్లే దారిలో, ఉద్దానం తోటల నడుమ, సాలూరు ఘాట్ మలుపుల్లో పగలూ రాత్రీ నడిపి, ఉపగ్రహం చెప్పిన చోటుకూ లారీ నిజంగా ఉన్న చోటుకూ తేడా కొలవాలి. అదే పరీక్షను 60 కిలోమీటర్ల వేగంతో ఒకసారి, 15 కిలోమీటర్ల వేగంతో మరోసారి, ఆశ్వయుజ మాసపు మబ్బు కింద ఇంకోసారి జరిపి, ఎన్ని లారీలు దొరికాయో, లేని లారీలు ఎన్ని కనిపించాయో విడివిడిగా రాయించుకున్న తర్వాతే చెల్లింపు జరగాలి.